బడికి పెద్దలెవరు?

కావ్యమునకు విమర్శ యున్నట్లే శాసనమునకును విమర్శ యుండవలెను. కావ్యములోని యొక విశేషణమును గూర్చి మనము నెలల తరబడి వాదించుకొందుము. మన వీధి చివరనున్న ప్రాథమిక పాఠశాలను నడపు చట్టములోని యొక్క క్రియాపదమునైనను పరీక్షింపము. కావ్యము చెడినచో చదివినవాని పూట చెడును. చట్టము చెడినచో ఒక తరము చెడును. అందుచే ఈ వ్యాసమున నేను విమర్శింపదలచినది ఒక శాసనభాగమును. 2009వ సంవత్సరమున పార్లమెంటు చేయగా 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన బాలల ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టములోని 21వ సెక్షను అది. ప్రభుత్వ పాఠశాలకును, ప్రభుత్వ సహాయము పొందు పాఠశాలకును ఒక యాజమాన్య సంఘ ముండవలెనని విధించినది ఈ సెక్షనే. ఊళ్లలో దీనినే స్కూలు కమిటీ యనియు, తల్లిదండ్రుల కమిటీ యనియు పిలుచుచున్నారు.

ఈ సంఘ మేల పుట్టినదో తెలియుటకు కొంత వెనుకకు పోవలెను. పూర్వము మన వీధిబడులకు ప్రభుత్వము జీతమిచ్చెడిది కాదు. పిల్లల తండ్రులిచ్చు ధాన్యముతోను, పండుగలకు వచ్చు కానుకలతోను పంతులు బ్రదికెడివాడు. దసరాకు పిల్లలను వెంటబెట్టుకొని పాటలు పాడించుచు ఇంటింటికి పోవుట అందుకొరకే. చదువు సరిగా సాగుటలేదని తోచినచో తండ్రి తన పిల్లవానిని మాన్పించెడివాడు. పంతులు గాదెలో ఆ మేరకు గింజలు తగ్గెడివి. అనగా బడికి పెద్దలు గ్రామస్థులే. ఈ సంగతి చెప్పి ఆ కాలమును స్వర్ణయుగమనువారు నేటికిని కలరు. వారు 1823లో బళ్లారి కలెక్టరు కాంబెల్ దొర మద్రాసునకు పంపిన నివేదికను చూడవలెను. నేటి అనంతపుర ప్రాంతము అప్పుడు బళ్లారి జిల్లాలోనిదే. తొమ్మిది లక్షలకు పైబడిన జనసంఖ్య గల ఆ జిల్లాలో బడులు 533. విద్యార్థులు 6,641 మంది. అందు హిందూ బాలికలు 60 మంది మాత్రమే. అంటరానివారనబడిన కులముల బిడ్డలకు ఆ బడి యరుగుపై చోటేలేదు. బడికి పెద్దలున్నారు, కాని ఆ పెద్దరికము కొన్ని యిండ్లది మాత్రమే.

తరువాత ప్రభుత్వము వచ్చినది. 1882 నాటి హంటరు సంఘము ప్రాథమిక విద్యను స్థానిక బోర్డుల కప్పగింపుమని చెప్పినది. 1920లో మద్రాసు రాష్ట్రమునకు ప్రాథమిక విద్యాచట్టము వచ్చినది. క్రమముగా పంతులు జీతము గాదెనుండి ఖజానాకు మారినది. ఇది గొప్ప మేలు. జీతమునకు ఊరిపెద్దల మోము చూడనక్కరలేని యుపాధ్యాయుడు మాలపల్లె బిడ్డను, రైతు బిడ్డను ఒకే బల్లపై కూర్చుండబెట్టగలిగెను. కాని ఈ మేలుతోపాటు ఒక కీడును వచ్చినది. ఉపాధ్యాయుడు సమాధానము చెప్పవలసిన యధికారి ఊరికి దూరమాయెను. బడి తలుపు తెరువబడినదా లేదా యని ప్రతిదినము చూచు తల్లికి అడుగు హక్కు లేకపోయెను. చూచువారికి అధికారము లేదు. అధికారము కలవారు చూడరు. 1998లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పాఠశాల విద్యలో ప్రజలకు భాగమిచ్చుచు ఒక చట్టము చేయుటకును, తరువాత 2009లో పార్లమెంటు 21వ సెక్షనును వ్రాయుటకును కారణ మీ కొరతయే. పాత వీధిబడికాలపు పట్టును ఊరికి మరల నీయవలెను. కాని ఈసారి అది కొన్ని యిండ్ల పట్టు కారాదు. శాసనకర్తల ముందున్న సమస్య ఇది.

నిర్మాణమునందు వారు ఈ సమస్యను చక్కగా సాధించిరనియే చెప్పవలెను. సంఘములో నాలుగింట మూడు వంతులకు తక్కువగాకుండ విద్యార్థుల తల్లిదండ్రులో సంరక్షకులో ఉండవలెను. సభ్యులలో సగము మంది స్త్రీలు. వెనుకబడిన వర్గముల బిడ్డలు బడిలో ఎందరున్నారో ఆ పాళ్లనుబట్టి వారి తల్లిదండ్రులకు స్థానములు. కేంద్రప్రభుత్వము 2010లో ప్రకటించిన మాదిరి నియమముల లెక్కలో చెప్పినచో, పదునారుగురు గల సంఘములో పన్నిద్దరు తల్లిదండ్రులు. మిగిలిన నలుగురిలో స్థానిక సంస్థ సభ్యులు, ఉపాధ్యాయులు, విద్య తెలిసిన స్థానికులు సర్దుకొనవలెను. అధ్యక్షత తల్లిదండ్రులదే. మన తెలుగు రాష్ట్రములలో తరగతికి ముగ్గురు చొప్పున తల్లిదండ్రుల నెన్నుకొను పద్ధతి యేర్పడినది. అయిదు తరగతుల బడికి పదునైదుగురు. అరవై మంది బాలికలను మాత్రమే లెక్కించిన దేశములో, ఆ బాలికలకు మునిమనుమరాండ్రగు స్త్రీలు బడికి అధ్యక్షురాండ్రుగా కూర్చుండుట చిన్న మార్పు కాదు. ఈ భాగమును వ్రాసిన చేతికి నమస్కరించి ముందుకు పోవుదము.

ఇక క్రియాపదములు. ఈ సంఘము చేయవలసిన పనులను సెక్షను నాలుగుగా చెప్పినది. మొదటిది, పాఠశాల నడకను పర్యవేక్షించుట. రెండవది, పాఠశాలాభివృద్ధి ప్రణాళికను సిద్ధపరచి సిఫారసు చేయుట. మూడవది, వచ్చిన గ్రాంటుల వినియోగమును పర్యవేక్షించుట. నాలుగవది, నియమములలో నిర్దేశింపబడు ఇతర కార్యములను నిర్వర్తించుట. చదువరులు ఈ క్రియలను మరల నొకసారి చూడవలెను: పర్యవేక్షించుట, సిఫారసు చేయుట, పర్యవేక్షించుట, చెప్పిన పని చేయుట. నియమించుట, నిర్ణయించుట, నిలుపుట అను క్రియలలో ఒక్కటియు లేదు. పైగా 2012 సవరణచే సహాయము పొందు పాఠశాలలలోను, అల్పసంఖ్యాకులు నడపు పాఠశాలలలోను ఈ సంఘము సలహా చెప్పుటకు మాత్రమే పరిమితమైనది. పేరేమో యాజమాన్య సంఘము, ఇచ్చినదేమో కాపలాపని. ఇంటికి యజమానివని పిలిచి, తాళముచెవి మాత్రము మరియొకరి మొలనుంచినట్లున్నది.

ఆ తాళముచెవి యెవరి యొద్ద నున్నదో నియమములు చెప్పుచున్నవి. సంఘమునకు ప్రధానోపాధ్యాయుడే సభ్య కన్వీనరు. సభ పిలుచుట, చర్చనీయాంశములు వ్రాయుట, తీర్మానముల పుస్తకముంచుట ఆచరణలో ఆయన పని. ఎవరి పనిని చూచుటకు సంఘమేర్పడినదో వారే సంఘమునకు కన్నును, చెవియు, కలమునైరి. ఆయన సజ్జనుడైనచో ఇబ్బంది లేదు. కాని సజ్జనులనే నమ్ముకొని వ్రాయునది శాసనము కాదు.

నేనొక గ్రామమున అట్టి సమావేశమునకు పోయితిని. నాట్ల కాలము. పదునైదుగురు రావలసినచోట వచ్చినవారు ఆరుగురు. వారిలో నలుగురు స్త్రీలు పొలమునుండి తిన్నగా వచ్చినవారే. సభ మొదలు కాకమునుపే పుస్తకము చేతికి వచ్చినది. సంతకము పెట్టవలసిన చోట పెన్సిలుతో గుర్తులున్నవి. అయిదవ తరగతి పిల్ల తల్లి కలము పట్టుకొని కొంచెము సేపాగి ఇట్లనెను: "సంతకం పెడతాను మాస్టారూ, కాదనను. మా పిల్ల పుస్తకం చూసి చదువుతోందో, కంఠస్థం చేసింది చెబుతోందో నాకు తెలియటం లేదు. అది ఇందులో రాశారా?" ప్రధానోపాధ్యాయుడు చెడ్డవాడు కాడు. ఆయన సిగ్గుపడి, "అది ఇందులో ఉండదమ్మా. ఇది మరుగుదొడ్ల మరమ్మతు డబ్బు సంగతి" అనెను. ఆమె సంతకము చేసి పోయినది. ఆ తల్లి కూలి అప్పటికే సగము పోయినది. ఆమె యడిగిన ప్రశ్న సభలో చర్చకు రాలేదు. పుస్తకములోనికి అసలే రాలేదు.

ఇందు దోష మా యుపాధ్యాయునిదని తీర్పు చెప్పుట సులభము; కాని న్యాయము కాదు. ఇద్దరుపాధ్యాయులున్న బడిలో వారు పాఠము చెప్పవలెను, భోజనము చూడవలెను, పైనుండి వచ్చు లెక్కలన్నిటికిని జవాబు పంపవలెను. జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్సహాయము తప్ప చదువునకు సంబంధింపని యే పనికిని ఉపాధ్యాయుని వినియోగింపరాదని యీ చట్టములోని 27వ సెక్షనే చెప్పుచున్నది. దానిని కాపాడుటయు యాజమాన్య సంఘపు విధులలో నొకటియని మాదిరి నియమములలో నున్నది. కాబట్టి తెలిసిన సంఘము ఉపాధ్యాయునకు శత్రువు కాదు; ఆయనకు దొరకగల మంచి న్యాయవాది. ఈ సంగతి ఉపాధ్యాయులును గ్రహింపలేదు. తల్లిదండ్రులకును ఎవరును చెప్పలేదు.

అధికారమే మందు అనువారొకరు కలరు. వారు ఇంగ్లండును చూపుదురు. అచ్చట స్థానిక ప్రభుత్వపు పోషణలోని పాఠశాలలకు గవర్నింగ్ బాడీ యుండును. ప్రధానోపాధ్యాయుని ఎంపిక దాని చేతిలోనిది. 1988 చట్టము తరువాత పాఠశాల ధనముపై అధికారము కూడ దానికి సంక్రమించినది. కాని ఆ సభలో తల్లిదండ్రుల ప్రతినిధులు కనీస మిద్దరుండిన చాలునని నిబంధన. అచ్చట అధికారమెక్కువ, తల్లిదండ్రులు తక్కువ. ఇచ్చట తల్లిదండ్రు లెక్కువ, అధికారము తక్కువ. రెంటిలోని మేలును కలుపుకొనరాదా యని యడుగవచ్చును. కలుపుకొనవలసినదే. కాని నేటికి నేడు ఉపాధ్యాయ నియామకమును మన గ్రామసంఘముల చేతిలో పెట్టినచో, పాత వీధిబడి యరుగుమీది పెద్దలు తిరిగివచ్చి కూర్చుందురన్న భయము నాకు లేకపోలేదు. అధికారమునకు ముందు ఆ తల్లికి సమాచారము రావలెను. దానికి దారి చట్టములోనే కలదు.

ఆ దారి 22వ సెక్షను. ఇది చిన్న సెక్షను. దీనిని చదివినవారు తక్కువ. సంఘము పాఠశాలాభివృద్ధి ప్రణాళికను సిద్ధపరుపవలెను అని చెప్పి, ప్రభుత్వము గాని స్థానిక సంస్థ గాని చేయు ప్రణాళికలకును, ఇచ్చు గ్రాంటులకును ఆ ప్రణాళికయే ఆధారము కావలెనని ఇందు వ్రాయబడినది. 21వ సెక్షనులో సిఫారసు అను బలహీనమైన మాట యుండగా, 22వ సెక్షనులో ఆధారము అను బలమైన మాట పడినది. శాసనమునంతయు జల్లెడపట్టి చూచినను తల్లిదండ్రుల చేతిలో పెట్టబడిన ఆయుధ మిదియొక్కటియే. మాదిరి నియమముల ప్రకార మీ ప్రణాళిక మూడేండ్లది. ఆర్థిక సంవత్సరము ముగియుటకు మూడు నెలలు ముందుగా, అనగా డిసెంబరులోగా, సిద్ధము కావలెను. ఇందు వ్రాయవలసినవి నాలుగు: తరగతివారీగా రాగల పిల్లలెందరు, ఇంకను కావలసిన ఉపాధ్యాయులెందరు, గదులు, నీరు, సామగ్రి యేమి కావలెను, అందులకు ఏ యేటికెంత ధనము.

దీనికి పట్టభద్రులు కావలెనా? చట్టపు షెడ్యూలులో ఉపాధ్యాయుల లెక్క స్పష్టముగా నున్నది. అరువది మంది పిల్లల వరకు ఇద్దరు; 61 నుండి 90 వరకు ముగ్గురు; 91 నుండి 120 వరకు నలుగురు; 121 నుండి 200 వరకు అయిదుగురు. బడిలో 65 మంది పిల్లలుండి ఇద్దరే యుపాధ్యాయులున్నచో ఒకరు తక్కువని తెలియుటకు వేళ్లు చాలును. ఆ తక్కువను ప్రణాళికలో వ్రాసి, అధ్యక్షురాలును కన్వీనరును సంతకము చేసి పంపినచో, అది ఎవరో చేసిన విన్నపము కాదు. ప్రభుత్వ ప్రణాళికకు చట్టమిచ్చిన ఆధారము. దానిని తోసివేసినచో 32వ సెక్షను క్రింద స్థానిక సంస్థకు లిఖితముగా ఫిర్యాదు చేయవచ్చును. మూడు నెలలలో తీర్పు చెప్పవలెను. చదువురాని తల్లులకు పాలన యేమి తెలియునని యాక్షేపించువారికి ఇదియే నా సమాధానము. పంతులు వచ్చెనా, అన్నము ఉడికెనా, మరుగుదొడ్డిలో నీరున్నదా, పిల్ల చదువగలుగుచున్నదా అను నాలుగు ప్రశ్నలకు తల్లిని మించిన పరీక్షాధికారి లేడు.

అట్లయిన ఈ ప్రణాళిక యేల చచ్చుబడినది? మన ప్రభుత్వములకు సంఘము జ్ఞాపకమునకు వచ్చునది సాధారణముగా గోడలు కట్టునప్పుడు. ఆంధ్రప్రదేశములో 2019లో మొదలైన నాడు-నేడు పనులు తల్లిదండ్రుల కమిటీల ద్వారా జరిగినవి. తెలంగాణములో 2024లో మహిళా సంఘముల అధ్యక్షురాండ్ర నాయకత్వమున అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల నేర్పరచి వాటికి మరమ్మతుల పని యొప్పగించిరి. గోడలు కావలెను, కురియు కప్పుక్రింద చదువు సాగదు. తల్లుల చేతిలో పని పెట్టుటయు మంచిదే. కాని ప్రతి కొత్త పథకమునకు కొత్త కమిటీయో, పాత కమిటీకి కొత్త పేరో పెట్టినచో, ఎన్నుకొనబడిన సంఘము చెక్కుపై సంతకముగా మిగులును. పనిచేయు కూలీల లెక్క, సిమెంటు లెక్క పుస్తకమున కెక్కును. అయిదవ తరగతి పిల్ల తల్లి వేసిన ప్రశ్న మాత్ర మెక్కదు.

ఇంతవరకు ప్రభుత్వమును విమర్శించితిని. ఇక మనలను విమర్శించుకొందము. 21వ సెక్షను ప్రభుత్వ సహాయము లేని ప్రైవేటు పాఠశాలలకు వర్తింపదు. ఈ పత్రికను చదువు కుటుంబములలో అనేకములు తమ బిడ్డలను పంపుచున్నది అట్టి పాఠశాలలకే. వేలకు వేలు చెల్లించి, అచ్చట ఒక్క ప్రశ్నయైనను అడుగుటకు చట్టబద్ధమైన స్థానము లేక, ద్వారమువద్ద పిల్లవానిని దింపి తిరిగివచ్చుచున్నాము. ఇటు ప్రభుత్వ పాఠశాలలో హక్కున్నది. అచ్చట మన బిడ్డ లేడు గనుక మనము సభ్యులము కాజాలము. ఫలితమేమి? దరఖాస్తు వ్రాయగలవారు, లెక్క పుస్తకము చదువగలవారు, అధికారి ముందు కూర్చుండి మాటాడగలవారు బడిని విడిచి పోయిరి. ఒకపూట కూలి వదలుకొని గాని సభకు రాలేని తల్లులపై యాజమాన్యమంతయు పడినది. వారికి పాలన తెలియదని మనము పెదవి విరుచుచున్నాము. 1874లో ధవళేశ్వరమున బాలికల పాఠశాల పెట్టిన కందుకూరి వీరేశలింగము పంతులుగారి పేరు మన సభలలో తరచుగా వినబడును. ఆయన బడి పెట్టెను. మనము బడిని విడిచితిమి.

దీనికి ప్రాయశ్చిత్తము లేకపోలేదు. మాదిరి నియమములలో విద్య తెలిసిన స్థానికులకు సంఘములో చోటు కలదు. మన రాష్ట్రములలోను ఇద్దరిని సభ్యులుగా చేర్చుకొను వీలున్నది. వారిని ఎన్నుకొనవలసినది సభ్యులే. ఆ చోటు మనది. కాని అచ్చటికి పెద్దరికమునకు పోరాదు, వ్రాయసమునకు పోవలెను. ఆ తల్లి యడిగిన ప్రశ్నను ఆమె మాటలలోనే పుస్తకమున కెక్కించుట మన పని. ఆమెకు బదులు మాటాడుట మన పని కాదు.

చేయవలసినవి కొన్ని చెప్పి ముగింతును. సభ సాయంకాలమో సెలవుదినమో తల్లులకు వీలైనప్పుడు జరుగవలెను. సంతకమునకు ముందు తీర్మానమును పైకి చదివి వినిపింపవలెను. లెక్కను బడిగోడపై వ్రాయవలెను. సభ పిలుచు అధికారమును చట్టరీత్యా అధ్యక్షురాలికే ఇచ్చి, ప్రధానోపాధ్యాయుని సభ్యునిగా నుంచవలెను. ఒక్క బడికి ఒక్కటే సంఘ ముండవలెను. ప్రైవేటు పాఠశాలలకును 21వ సెక్షనును విస్తరింపజేయవలెను. వీనిలో చివరి మూడును శాసనసభల పని. మొదటి మూడును ఈ నెలలోనే మన యూరిలో మొదలిడదగినవి.

ఇంకొకటి కలదు; దానికి చట్టమక్కరలేదు, ధనమక్కరలేదు. ప్రతి సమావేశమునందు మొదటి యంశముగా, తరగతికి ఇద్దరు పిల్లల చేత, వారెన్నడును చూడని పుస్తకములోని యొక పుట తల్లుల యెదుట చదివింపవలెను. చదివినచో సంతోషము, చదువలేనిచో, ఎందుచేతనని యుపాధ్యాయుడును తల్లులును కలిసి యాలోచింపవలెను. ఆ యాలోచన ప్రణాళికలో మొదటి వాక్యము కావలెను. మరుగుదొడ్ల మరమ్మతు రెండవ వాక్యముగా వచ్చినను తప్పులేదు.